ఇక అవసరం లేని భాగాలు

మార్చి 4

పొట్టీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేం కాలేదు, కంప్యూటర్‌కి అయింది. ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా అంటావు. నువ్వు అడుగుతావు, నేను తలూపుతాను, నా తలూపుడు నీకు వినపడదు. పోనీ ఆ బుల్లి ఫోనులో టైపు చేద్దామంటే ఒక అక్షరం మీద వేలు పెడితే మూడు నొక్కుకుంటాయి. అందుకని నాకు కాగితమే నయం.

సంగతేమిటంటే, నాలుగు సోమవారాలుగా అప్‌డేట్ చేయబోతే తెర మీద ఇది ప్రత్యక్షమవుతోంది. ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించాను, అందులోంచి ఇక్కడికి దించుతున్నాను.

"లోపం: ఆధారపడిన ప్యాకేజీలు సమకూరలేదు. మావయ్య-గొంతు (1) కొరకు పలుకు-యంత్రం (4) కావలెను, కానీ పలుకు-యంత్రం (5) స్థాపించబడనున్నది. విరిగిన ప్యాకేజీలు నిలిపి ఉంచబడినవి. సాధ్యపడదు."

దీని కింద ఇంకో పదిహేను వరుసలున్నాయి. అవీ రాసుకున్నాను కానీ నీ కళ్ళ మీద జాలితో వదిలేస్తున్నాను. నాకు గుండె గుభేలుమన్నది ఒక్క మాట దగ్గరే. 'మావయ్య-గొంతు' అని ఉంది, దాని వెనకే 'విరిగిన' అని ఉంది. నా అసలు గొంతు ఒకసారి విరిగితేనే కదా డాక్టరు ఆపరేషన్ చేసి తీసేసింది. తీసేసే ముందు రెండు నెలలు నువ్వు దగ్గర కూర్చుని నా చేత బోలెడన్ని వాక్యాలు చదివించి రికార్డు చేసి, నీ స్నేహితురాలి ల్యాబులో ఈ రెండోది చేయించావు. ఇదీ పోతే మూడోది ఎక్కణ్ణించి తెస్తాం? నేను టైపు చేస్తే అది నాలాగే పలుకుతోంది కాబట్టి మా సంసారం నడుస్తోంది. మీ అత్తయ్యకి చూపు పోయి రెండో ఏడు. నేను రాసి చూపించినా ఆవిడకి తెల్ల కాగితమూ రాసిన కాగితమూ ఒకటే.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని మైకులో చెప్పినవాణ్ణి. ఒక్కసారి కూడా జనంతో "సాధ్యపడదు" అని ఊరుకోలేదు. ఫలానా బస్సు రాదు, ఇందువల్ల రాదు, తర్వాతది ఇన్ని గంటలకి, ఫలానా చోట నిలబడండి. నాలుగు ముక్కలు. ఇది రాసినవాడెవడో కనిపిస్తే నా దగ్గరకి పంపు, మైకు ముందు కూర్చోబెడతాను.

ఏం నొక్కమంటావో రాయి. అప్పటిదాకా ముట్టుకోను.

నీ మావయ్య

---

మార్చి 12

మావయ్యా, నమస్కారం. అత్తయ్యకి కూడా.

ముందు మీ గుండె దడ తగ్గిస్తాను. మీ గొంతు విరగలేదు. అది నేను చేత్తో తెచ్చి మీ కంప్యూటర్‌లో పెట్టిన భాగం. మీ కంప్యూటర్‌ని నడిపే మిగతా భాగాలన్నీ మా ఆఫీసు వాళ్ళ లినక్స్ గోదాములోంచి వస్తాయి, ఇదొక్కటీ రాదు, ఎందుకంటే ప్రపంచంలో ఇంకెవరికీ మీ గొంతుతో పని లేదు కదా. ప్యాకేజీ మేనేజర్ అనేది ఆ గోదాము గుమాస్తా అనుకోండి. పలికించే యంత్రంలో ఐదో రకం వచ్చింది, వేద్దామని చూస్తోంది. అది వేస్తే నాలుగోది తీసెయ్యాలి. నాలుగోది తీస్తే మీ గొంతు పలకదు. 'దీన్ని కదపొద్దు' అని నేను అప్పుడే ఒక గుర్తు పెట్టి వచ్చాను. అందుకని మింగలేక కక్కలేక "సాధ్యపడదు" అని కూర్చుంది. అంటే అది మీ మీద అరుస్తున్నట్టు కనిపిస్తోంది కానీ మీ పక్షానే నిలబడింది. ఆ కిటికీ మూసేసి మీ పని మీరు చేసుకోండి.

ఇక ఆ రాసినవాడి సంగతి. వాడిని పంపమన్నారు. వాడు కాదు మావయ్యా, ఇప్పటినుంచీ నేనే. ఈ లోపాల సందేశాలన్నీ మామూలు మనుషులకి అర్థమయ్యేలా తిరగరాయమని నెల కిందట మా ఆఫీసులో నాకు అప్పజెప్పారు. పోయిన వారం పన్నెండు మందిని పిలిచి, ఒక్కొక్కరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, కావాలని ఇలాంటి లోపమే చూపించాం. నేను అద్దం వెనక నుంచి చూశాను. కుట్టు నేర్పే పంతులమ్మ ఒకావిడ మొత్తం చదివి, కుర్చీ వెనక్కి జరుపుకుని, కంప్యూటర్‌తో "క్షమించండి" అంది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఇంకొకాయన రెండు వరుసలు చదివి మూత వేసేసి చేతులు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ పంతులమ్మ మొహం వదల్లేదు నన్ను.

మీ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసి నా బల్ల ముందు అతికించాను. ఎవరు రాశారని అడిగితే మా గురువు గారని చెబుతున్నాను.

మీ పొట్టి

---

మార్చి 22

పొట్టీ,

గురువు గారన్నందుకు మీ అత్తయ్య పొద్దున్నించీ ఆటపట్టిస్తోంది. "గురువు గారూ, తువ్వాలు మంచం మీదే పారేశారు" అని. కళ్ళు కనపడని మనిషికి తువ్వాలు ఎక్కడుందో ఎలా తెలిసిందని అడిగితే, "కొక్కేనికి లేదు కాబట్టి" అంది. ఆవిడతో వాదించి గెలిచిన రోజు నేను చూడలేదు. ఇప్పుడు మరీ అన్యాయం. నేను టైపు చేసేలోపు ఆవిడ మూడు మాటలు అంటుంది. అయినా కొట్లాట మానలేదు. నిన్న నేను "వస్తున్నా ఉండు" అని టైపు చేస్తే, విని, "అప్పట్లో ఈ మాట విసుక్కుంటూ అనేవారు, ఇప్పుడు మర్యాదగా అంటున్నారు, గొంతు తీయించుకున్నాక బాగుపడ్డారు" అంది.

గురువు అన్నావు కాబట్టి ఒక పాఠం. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒకరోజు ఆరో నంబరు బస్సు రద్దయింది. రద్దని చెబితే జనం గోల చేస్తారు, కొద్దిగా ఆలస్యం అని చెప్పు చాలన్నాడు మా పైవాడు. చెప్పాను. మెత్తగా, చక్కగా చెప్పాను. ఎవరూ గోల చెయ్యలేదు. గళ్ళ చొక్కా వేసుకున్న ఒకతను ఆస్పత్రిలో ఉన్న తండ్రి దగ్గరకి పోవాలట. నా మాట నమ్మి నాలుగు గంటలు ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. వేరే దారిలో ఇంకో బస్సు వాడి ముందు నుంచే వెళ్ళిపోయింది. వారం తర్వాత వచ్చి అద్దం మీద కొట్టి ఒక్క మాట అన్నాడు: "మీ గొంతు చాలా బాగుంటుందండీ." అంతే అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి మెత్తగా చెప్పు, వద్దనను. కానీ ఏ బస్సు రాదో ఆ బస్సు నంబరు చెప్పు. పొడుగైనా ఫరవాలేదు, పనున్నవాడు వింటాడు.

మొన్న వానకి కిటికీ పక్క గోడ చెమ్మ పట్టింది, బల్ల ఇటు జరిపాను. అన్నట్టు, నా గొంతు ఇంకెక్కడైనా ఇంకో ప్రతి ఉందా? ఊరికే అడుగుతున్నా. మీ అత్తయ్యకి చుక్కల మందు అయిపోతే తేవాలి, ఈసారి పాత కొట్టులో కాకుండా వంతెన పక్కన కొత్త కొట్టులో అడుగుతాను. పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళమని మీ అమ్మకి గట్టిగా చెప్పు.

నీ మావయ్య

---

ఏప్రిల్ 15

మావయ్యా,

జవాబు ఆలస్యమైంది, తిట్టకండి. మూడు వారాలు ఊపిరాడలేదు. అమ్మ పన్ను పీకించుకుంది, క్షేమం.

పని అయింది. పందొమ్మిది వరుసల సందేశం రెండు వరుసలకి వచ్చింది. చూడండి:

"కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది. ఇక అవసరం లేని కొన్ని పాత భాగాలను శుభ్రం చేసి, దీన్ని వేస్తాం. కొనసాగించాలా?"

కింద రెండు బటన్లు, 'అవును', 'ఇప్పుడు కాదు'. అదే పన్నెండు మందికీ మళ్ళీ చూపించాం. కుట్టు పంతులమ్మ చదివి, నవ్వి, 'అవును' నొక్కి, చేతిసంచీ తీసుకుని లేచింది. ఆరు సెకన్లు పట్టింది. అద్దం వెనక నేను ఏడ్చినంత పని చేశాను.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం గొణుగుడు తాతయ్య అంటాం. ఆయన ఒక్కరే అడ్డం పడ్డారు. ఏయే భాగాలు తీసేస్తున్నామో పేర్లు పైనే కనపడాలి, చేత్తో పెట్టుకున్నవాళ్ళ సంగతేమిటి అని పట్టుబట్టారు. అలాంటివాళ్ళు వెయ్యికి ఒక్కరు ఉంటారు, ఉన్నా వాళ్ళు తెలివైనవాళ్ళు, కింద చిన్నగా 'వివరాలు' అని ఉంది కదా, అది నొక్కి చూసుకుంటారు అన్నాను. అందరూ నావైపే మొగ్గారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ "సరే, మీ ఇష్టం" అన్నారు.

మీకు ఇక ఆ నోటుబుక్కు అవసరం లేదు మావయ్యా. పదిహేను వరుసలు చేత్తో ఎక్కించే బాధ తీరిపోయింది. ఈ కొత్త సందేశం మీకు కనిపించినప్పుడు అది నేను రాసిన మాట అని గుర్తుపెట్టుకుని ధైర్యంగా 'అవును' నొక్కండి. నిజం చెప్పాలంటే మీ కోసమే రాశాను.

మీ పొట్టి

---

ఏప్రిల్ 29

పొట్టీ,

నీ సందేశం వచ్చింది. నిన్న సోమవారం కదా. చాలా బాగుంది. మీ అత్తయ్యకి నా గొంతుతో పైకి చదివి వినిపించాను. "మన పొట్టి రాసిందా, మనిషి మాట్లాడినట్టే ఉంది" అంది. నువ్వు రాసిందే కాబట్టి నోటుబుక్కు తియ్యలేదు. 'అవును' నొక్కాను. చక్కగా ఒక గీత నిండింది, కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది.

అప్పటినుంచీ గొంతు రావడం లేదు. టైపు చేస్తే అక్షరాలు పడుతున్నాయి, శబ్దం లేదు. స్పీకరు తీగ ఊడిందేమోనని చూశాను. వేరే పాటలూ అవీ బానే వినిపిస్తున్నాయి. ఏదో ఒకటి ఆపేసి ఉంటుంది, ఏది నొక్కితే తిరిగి వస్తుందో రాయి.

తొందరగా రాయి. ఒక చిక్కొచ్చి పడింది. నిన్న ఆ కొత్త కొట్టువాడు చుక్కల మందు బదులు ఇంకోటి ఇచ్చాడని మేమిద్దరం కాస్త మాటా మాటా అనుకున్నాం. సరిగ్గా ఆ తర్వాతే గొంతు పోయింది. నేను అలిగానని అనుకుంటోంది. మధ్యాహ్నం దాకా బతిమాలింది, సాయంత్రానికి ఆవిడా అలిగింది. అలగలేదు, యంత్రం పాడైంది అని చెప్పడం ఎలా? భుజం తట్టాను. "తడితే సరిపోతుందా, నోరు తెరిచి అనండి" అంది. అరచేతిలో వేలితో రాశాను. ఆవిడ చేతులు మొద్దుబారి ఏడాది దాటింది, అక్షరం తెలియలేదు, చెయ్యి లాక్కుంది. కాగితం మీద రాసి పక్కింటావిడ చేత చదివిద్దామంటే ఆవిడ ఊరెళ్ళి ఉంది.

నీ మావయ్య

---

మే 2

గురువు గారూ,

ఈపాటికి మీ దాకా వచ్చే ఉంటుంది. విడుదలై అయిదు రోజులు. ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయి. రేపు అందరి ముందూ నన్ను నిలబెట్టి చప్పట్లు కొడతారట. ఏం కట్టుకోవాలో తెలియడం లేదు. అత్తయ్యకి చదివి వినిపించారా? మీ గొంతులో నా వాక్యం ఎలా ఉందో నేనూ వినాలి.

తొందరలో ఉన్నాను, ఇంతే.

మీ పొట్టి

---

మే 6

మావయ్యా,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే చదివాను, ఇంకా కూర్చోలేదు.

మొదట అత్తయ్యకి ఫోన్ చేశాను. చెప్పాను, ఆయన అలగలేదు, గొంతు పోయిందని. మళ్ళీ ఒకసారి చెప్పమంది. తర్వాత "నేను వారం రోజులుగా అనరాని మాటలన్నీ అన్నానే" అంది. అంతే, మిగతాది చెప్పేలోపే ఫోన్ పెట్టేసింది, మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మీకు దాచకుండా రాస్తాను. ఏ బటన్ నొక్కినా తిరిగి రాదు. కొత్త యంత్రం వెయ్యడానికి పాతది తీసేసింది. మీ గొంతు మీద ఇంకేదీ ఆధారపడి లేదు, అది మా గోదాము సరుకూ కాదు, కాబట్టి దాన్ని 'ఇక అవసరం లేనిది' కింద జమకట్టి ఊడ్చేసింది. కదపొద్దని నేను పెట్టిన గుర్తును, మనిషి 'అవును' అంటే దాటిపొమ్మని కొత్త నిబంధన పెట్టాం. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మీరు చదివిన వాక్యాలు కూడా నేను ఆ భాగంలోనే పెట్టాను, అన్నీ ఒకచోట ఉంటే భద్రమని. అవీ పోయాయి. 'వివరాలు' నొక్కి ఉంటే లోపల మొదటి వరుసలోనే మీ గొంతు పేరు ఉంది. పాత సందేశమే వచ్చి ఉంటే మీరు ఆ పేరు నోటుబుక్కులో రాసుకుని, ఆగి, నాకు ఉత్తరం రాసేవారు.

ల్యాబుకి ఫోన్ చేశాను. పని ముగిసిన ఆర్నెల్లకి మనుషుల గొంతులన్నీ చెరిపెయ్యాలని వాళ్ళ ఒప్పందమట, చెరిపేశారు. నా దగ్గర ఒక ప్రతి ఉండేది. ఈ కొత్త విడుదలని పరీక్షించడానికి మార్చి నెలాఖరున నా కంప్యూటర్ మొత్తం తుడిచి మొదలుపెట్టాను. మీరు మార్చిలోనే అడిగారు, ఇంకో ప్రతి ఉందా అని. ఆ ఉత్తరం ఇప్పుడు మళ్ళీ తీసి చూశాను. పళ్ళ డాక్టరు గురించి జవాబు రాశాను, దానికి రాయలేదు.

శనివారం వస్తున్నాను. అప్పటిదాకా కంప్యూటర్‌ని ఆన్ చెయ్యకండి. చెరిగిన వాటిలో కొన్ని మళ్ళీ ఏరుకోవచ్చు, వాటి చోట కంప్యూటర్ ఇంకేమీ రాసుకోనంతవరకు.

పొట్టి

---

మే 19

పొట్టీ,

క్షేమంగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

నీ ఉత్తరం వచ్చేలోపు నేను రోజూ ఆ కంప్యూటర్‌ని ఆన్ చేసి ప్రయత్నిస్తూనే ఉన్నాను. అలా చేసినందువల్లే ఎక్కువ చెరిగిందని నువ్వు చెప్పలేదు. చెప్పకుండా దాటేశావు. నాకు అర్థమైంది.

మూడు రోజులు ఆ బల్ల ముందు తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చున్నావు. పదకొండు ముక్కలు దొరికాయి. వాటిల్లో మాట ఒక్కటీ లేదు. మాట మొదలుపెట్టేముందు గొంతు సవరించుకోవడం, కుర్చీ జరగడం, నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టడం. నువ్వు వెళ్ళాక మీ అత్తయ్య ఆ గొంతు సవరించుకునేదే పెట్టమంటుంది. పెడతాను. తర్వాత ఏదో చెబుతానన్నట్టు చెవి అటు తిప్పి కూర్చుంటుంది. ముక్క అక్కడితో అయిపోతుంది. నాలుగోసారి అడిగితే నేను పెట్టలేదు.

వెళ్ళేముందు నా గొంతు బదులు నువ్వు పెట్టిన ఆ కొత్త గొంతు బాగానే పలుకుతోంది, స్పష్టంగా ఉంది. కానీ అది వినపడగానే మీ అత్తయ్య కాళ్ళు ముడుచుకుని, పైట సర్దుకుని, పరాయి మగవాడి ముందు కూర్చున్నట్టు కూర్చుంటుంది. అది "అన్నం తిన్నావా?" అంటే "తిన్నానండీ" అంది. నలభై రెండేళ్ళలో నన్ను ఎన్నో అంది కానీ అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. మూడు రోజులు చూసి ఆపేశాను.

ఇప్పుడు బల్ల మీద వేలితో కొడుతున్నాను. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నీ సందేశం లాగే మా ఇంట్లో కూడా రెండే బటన్లు.

ఒక్కటి అడగాలి. నువ్వు ఇక్కడున్నప్పుడు అడుగుదామంటే నీ మొహం చూసి రాయలేకపోయాను. 'ఇక అవసరం లేనివి' అని రాశావు. ఎవరికి అవసరం లేదని? గళ్ళ చొక్కా అతని సంగతి నీకు రాశాను కదా. చదివావా, లేక పొడుగ్గా ఉందని వదిలేశావా?

కోపంతో అడగడం లేదు. కోపంతో అంటే ఎలా ఉండేదో వినిపించడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

మావయ్య

---

జూన్ 3

మావయ్యా,

చదివాను. నచ్చింది కూడా. భోజనాల దగ్గర అందరికీ కథలా చెప్పాను. చెప్పినవాళ్ళం, విన్నవాళ్ళం, అందరం తలలూపాం. తలూపి వెళ్ళి రెండు వరుసలు రాశాం. పొడుగు మాత్రమే తప్పు అనుకున్నాను. పంతులమ్మ నవ్విందని చూశాను కానీ ఆవిడ దేనికి ఒప్పుకుందో ఆవిడకి తెలుసా అని చూడలేదు.

తిరిగి వచ్చిన రోజే మా ఆఫీసు లోపాల పట్టికలో రాయించాను. మీ ఏప్రిల్ ఉత్తరంలోంచి అవసరమైనంత రాసి జతచేశాను. పేర్ల వరుస పైకి రావాలి, చేత్తో పెట్టుకున్న దాన్ని తీసేటప్పుడు విడిగా, దాని పేరుతో అడగాలి అని రాశాను. రెండు వారాల తర్వాత సమావేశం పెట్టారు. ఫిర్యాదులు సగానికి తగ్గిన గీత గోడ మీద చూపించారు. ఆ గీత నేను వేసిందే. ఒక్క మనిషి కోసం లక్షల మందిని మళ్ళీ భయపెట్టలేం అన్నారు. వెయ్యికి ఒక్కరు అన్న మాట నాదే కాబట్టి నాకే తిరిగి చెప్పారు. నేను గొణుగుడు తాతయ్య వైపు చూశాను. ఆయన అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నారు. బయటికొచ్చాక, "నాకు వచ్చే నెల రిటైర్మెంటు అమ్మా" అన్నారు.

నిన్న పట్టికలో మన కేసు మూసేశారు. మూసేటప్పుడు ఒక కారణం రాయాలి. ఇలా రాశారు: "లోపం కాదు. వాడుకదారు అంగీకరించారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ వాక్యాన్ని మార్చమని అడిగే ఆ ఒక్క మనిషీ లోపల ఉండరు. ఉన్నా మారుతుందని నమ్మకం లేదు. మీ నాలుగు ముక్కల కాగితం ఇంకా బల్ల ముందే ఉంది. దాన్ని చూడకుండా పని చెయ్యడం అలవాటు చేసుకుంటున్నాను.

నన్ను తిట్టండి మావయ్యా. కాగితం మీదైనా.

పొట్టి

---

జూన్ 14

పొట్టీ,

దస్తూరీ నాదే కానీ మాట మీ అత్తయ్యది. ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. ఇక నుంచి అంతా ఆవిడ.

ఏమ్మా, బాగున్నావా. నువ్వు రాసింది పక్కింటావిడ చదివి వినిపించింది. తిట్టమన్నావట. తిట్టడానికి మీ మావయ్యకి నోరు లేదు, నాకు మనసు రావడం లేదు. కాబట్టి నువ్వు తప్పించుకున్నట్టే.

ఇక్కడ బల్ల బాగానే మాట్లాడుతోంది. మందు వేసుకున్నారా అంటే టక్కు. నిద్ర పట్టిందా అంటే టక్కు టక్కు. అయితే నేను అడిగినవాటికే జవాబు వస్తుంది. ఆయనంతట ఆయన చెప్పాలనుకున్నవి ఏమున్నాయో నాకు తెలీదు. మొన్న ఒకసారి చాలాసేపు నా పక్కన కూర్చుని, రెండు మూడుసార్లు ఊపిరి గట్టిగా పీల్చారు. ఏదో ఉందని తెలిసింది. ఒళ్ళు బాలేదా, పొట్టి గురించా, కరెంటు బిల్లా, మీ తమ్ముడా అని వరసగా అడుగుతూ పోయాను. అన్నిటికీ రెండేసి టక్కులు. ఇరవై అడిగాక నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఇంకొకటి చెబుతాను. ఇది నీకు చెప్పాలని కాదు. ఆయనకి ఎదురుగా చెప్పలేక, ఉత్తరం మిషతో చెబుతున్నాను. ఆయనే రాస్తున్నారు కాబట్టి వింటారు. రాయడం ఇష్టం లేకపోతే మానేస్తారు, నాకెలాగూ కనిపించదు.

నాకు ఆయన గొంతు గుర్తు రావడం లేదు. మొదట్లో కళ్ళు మూసుకుంటే వినిపించేది. వంటగదిలో ఉన్నప్పుడు బస్టాండు వైపు నుంచి గాలికి వచ్చేది చూడు, ఆరో నంబరు బస్సు అని, ఆ 'ఆరో' దగ్గర కాస్త సాగదీసేవారు. ఎంత సాగదీసేవారో నాకు బాగా తెలుసు. నిన్న మధ్యాహ్నం పడుకుని అది తలుచుకుందామని చూశాను. నువ్వు పెట్టి వెళ్ళిన ఆ కొత్తాయన గొంతే వచ్చింది. ఇంకోసారి చూశాను, మళ్ళీ అదే. ఎన్నిసార్లు చూసినా అదే వస్తోంది.

కళ్ళు పోయినప్పుడు ఇంత బాధపడలేదు. ఆయన మొహం ఎలాగూ ముసలిదైపోతుంది, నాకు పాతదే మిగిలింది లెమ్మనుకున్నాను.

అంతేనమ్మా. మీ అమ్మని అడిగానని చెప్పు. వేళకి తిను.

అని ఆపింది. నావైపు తిరిగి, "ఆ గొంతు సంగతీ రాశారా?" అని అడిగింది.

బల్ల మీద ఒకసారి కొట్టాను.